తేనెటీగలకు చెప్పిన చావు

అబద్ధంతో సత్యాన్ని కొనబోయేవాడికి చేటు తప్పదు! ఉన్నది ఉన్నట్టే రాస్తాడని బోస్టన్‌లో పేరుమోసిన రచయిత ఒకడు మా మెయిన్ రాష్ట్రపు సముద్రతీరానికి వచ్చి, విధవరాలు మెహిటబెల్ తలుపు తట్టాడు.

“అమ్మా, మీ అబ్బాయి ఏసా పడవ మునిగింది. శవం కూడా దొరకలేదు.”

ఆమె ఏడవలేదు. ఇంట్లో ఎవరు పోయినా తేనెటీగలకు కబురు చెప్పాలన్న మా ఆనవాయితీ ప్రకారం పెరట్లోకి వెళ్లి, వాటి పెట్టెలను తాళంచెవితో తట్టి, “మీ యజమాని పోయాడర్రా” అని చెప్పి వచ్చింది.

రచయిత పొంగిపోయాడు. “ఇదీ అసలైన దుఃఖమంటే! మీవాడు బతికే ఉన్నాడులెండి. కన్నతల్లి నిజంగా ఏంచేస్తుందో చూసి రాద్దామని అలా అన్నాను.”

మెహిటబెల్ తలుపు గడియ వేసి, పొయ్యి పక్కనున్న గొడ్డలి అందుకుంది.

“ఈగలకి చావుకబురు చెప్పాక ఇంట్లోంచి శవం లేవాల్సిందే బాబుగారూ. లేకపోతే నా కొడుకే పోతాడు. ఇంతకీ తమరి పేరేంటి? వాటికి మళ్లీ చెప్పిరావాలి.”