ఎర్రచుక్క పెట్టిన గడి

“సర్వర్ మళ్ళ పండుకున్నది,” అంది సుచిత్ర, తెర మీద గిరగిరా తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ.

మేడ్చల్ బస్టాండు పక్క సందులో ఆమె నెట్ సెంటర్. పొద్దుటి నుంచి కుల ధ్రువపత్రాలు, రేషన్ కార్డుల్లో చేర్పులు కొట్టీ కొట్టీ మెడ పట్టేసింది. మూడు దాటినా తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయలేదు.

ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు ఆడవాళ్ళు. చున్నీ కొసను వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్న పిల్ల బిందు. గౌడవెల్లి నుంచి వచ్చి ఒక మందుల కంపెనీ ప్యాకింగులో పనిచేసేది. పక్కన జయమ్మ, అదే కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు కడిగే మనిషి. సూపర్‌వైజరు బిందును వేధించాడని ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడానికి వచ్చారు. జరిగి మూడు నెలలు దాటితే తీసుకోరని ఎవరో చెప్పారట. ఆ మూడు నెలలూ ఇవాళ్టితో ఆఖరు.

“ఇన్ని దినాలు ఏంజేసిండ్రమ్మా? ఆఖరు దినం నాడే అందరికి నా దుకాణం యాదికొస్తది!” సుచిత్ర విసుక్కుంది.

“కంపెనోళ్ళ చుట్టే తిరిగినం బిడ్డా,” అంది జయమ్మ. “సాక్షి ఎవరున్నరని అడిగిండ్రు. నేనున్న అన్న. నీకేం తెల్వదు, పోయి గిన్నెలు కడుక్కో అన్నరు.”

“నువ్వు చూసినవా?”

“బియ్యం బస్తాల అర్రల పిల్ల చెయ్యి వట్టి గుంజంగ ఈ కండ్లతోనే చూసిన. పిల్ల ఏడ్సుకుంట ఉరికింది. నాకు అప్పుడు నోరు లేవలే. గా తప్పు నాదే.”

సుచిత్ర విసుగు సగం దిగిపోయింది. చక్రం ఆగి, ఫారం తెరుచుకుంది.

“బిందూ, నీ ఫోన్ నంబర్ చెప్పు. ఓటీపీ వస్తది.”

“ఫోన్ లేదక్కా. ఆయన పెట్టిన మెసేజులు చూసి మా నాయిన సిమ్ము ఇరగ్గొట్టిండు. ఫోన్ బీరువల పెట్టి తాళమేసిండు.”

భలే నాయిన! వేధించినవాణ్ని వదిలేసి సిమ్మును పట్టుకున్నాడు. సుచిత్ర ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసింది.

“నాది తీసుకో బిడ్డా.” జయమ్మ బొడ్డున దోపుకున్న గుడ్డసంచిలోంచి చిన్న బటన్ల ఫోను తీసింది. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. “జర పైలం. రెండు మీద ఏలు వడనియ్యకు. ఒత్తి పడితే నంబర్ తెర మీద వడి నా కొడుకుకు పోతది. మూడు ఒత్తితే మా చెల్లె దుర్గాబాయికి. నాకు సదువు రాదని వాడే గట్ల పెట్టిచ్చిండు.”

“మంచి కొడుకే. ఇక్కడికొచ్చినట్టు తెలుసా?”

“తెలిస్తే ఇంట్లకు రానిస్తడా!”

కొడుకులందరూ ఇంతే, అనుకుంది సుచిత్ర. తల్లి ఊళ్ళోవాళ్ళ గిన్నెలు తోమి పెంచితే వాళ్ళ పరువుకేం కాదు. అదే తల్లి ఒకరికి సాక్ష్యం చెప్పడానికి గడప దాటితే మాత్రం తల కొట్టేసినట్టవుతుంది.

“మరి ఎట్లమ్మా? వాని దగ్గర్నే ఉంటవా?”

“ఇంకెవరున్నరు నాకు?”

బిందు లేచి నిలబడింది. “వద్దు పెద్దమ్మా, పోదాం పా. నా కోసం నువ్వు రోడ్డు మీద వడుడెందుకు?”

“కూసో!” కసిరింది జయమ్మ. “నా కడుపున ఆడపిల్ల ఉంటే ఏంజేద్దునో, గదే చేస్తున్న.”

ఓటీపీ వచ్చింది. సుచిత్ర ఫోను తిరిగి ఇచ్చేసి ఒక్కో గడీ నింపసాగింది. తేదీ, వేళ, చోటు.

“ఆయన పేరు?”

జయమ్మ సందులోకి చూస్తూ ఉండిపోయింది. బిందే చెప్పింది, వినీ వినపడనట్టు. “ధర్మేందర్.”

“ఇల్లు యాడ?”

“శామీర్‌పేట,” అంది జయమ్మ. “నీళ్ళ ట్యాంకు ఎనక రెండో గల్లీ. పచ్చ గేటు.”

క్యాంటీన్ వాళ్ళకు తెలియని సంగతి ఉండదులే అనుకుంటూ సుచిత్ర కొట్టేసింది. మరుక్షణం తెర తెల్లబోయింది. కొట్టినదంతా పోయింది. “అయ్యో రామా!” అని నెత్తి కొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. ఈసారి ఆఖరి పేజీ దాకా వచ్చేసరికి నాలుగున్నరైంది. అక్కడ ఎర్రచుక్క పెట్టిన గడి ఒకటి మిగిలింది. ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి ఫోన్ నంబర్.

“చుక్క పెట్టిన గడి నింపకుంటే ముందుకు పోదు,” అంది సుచిత్ర. పది సున్నాలు కొట్టి చూసింది. ఒప్పుకోలేదు. కంపెనీ గేటు నంబర్ కొట్టింది. అదీ ఒప్పుకోలేదు.

“ఆయన నంబర్ నా సిమ్ములనే ఉండె అక్కా,” అంది బిందు. “కంపెనీల అడిగితే ఇయ్యరు.”

తెర పైన ఎర్రంకెలు తగ్గుతున్నాయి. నాలుగు నిమిషాల్లో పేజీ మూసుకుపోతుంది. అలసటతో సుచిత్ర కళ్ళు మండాయి. ఇంకోసారి మొదటి నుంచి కొట్టే ఓపిక ఆమెకు లేదు. కొట్టినా ఈ గడి దగ్గరే ఆగుతుంది.

బిందు కళ్ళు తుడుచుకుంది. “పా పెద్దమ్మా. ఇంత దూరం వచ్చినవు, గది చాలు. నేనేమనుకోను.”

జయమ్మ లేవలేదు. గుప్పిట్లో ఉన్న ఫోను రబ్బరు బ్యాండు తీసింది, మళ్ళీ వేసింది. రెండు నిమిషాలు మిగిలాయనగా ఆ ఫోనును బల్ల మీద పెట్టి సుచిత్ర వైపు జరిపింది.

“రెండు ఒత్తు బిడ్డా.”