చెప్పుల స్టాండులో ఫోటో

విద్యావతి పేపర్లోంచి ఉమాకాంత్ ఫోటో కత్తిరించి చెప్పుల స్టాండు పై అరలో పరిచింది.

తన చెప్పులు సరిగ్గా ఆ మొహం మీదే పెట్టింది.

"ఏందమ్మా ఇది?" అంది కూతురు తన్మయి.

"వాని జాగ అదే. నువ్వు పలకకు."

తన్మయిది పాత దస్తావేజులు భద్రపరిచే ఉద్యోగం. చేరి మూడేళ్లయింది. పద్దెనిమిది నెలలు దుమ్ములో కూర్చుని, దగ్గు తెచ్చుకుని, నాలుగు వేల పాత కాగితాలకు జాబితా తయారు చేసింది. అది పుస్తకంగా వచ్చింది. అట్ట మీద పేరు మాత్రం ఉమాకాంత్‌ది. ఆయన ఆర్కైవిస్టుల సంఘానికి, అంటే ఈ దస్తావేజుల ఉద్యోగుల సంఘానికి, కార్యదర్శి. ఆ పుస్తకం పట్టుకుని నవ్వుతున్న ఫోటోనే అది.

కూతురు దగ్గినప్పుడల్లా విద్యావతికి లోకంలో ఉన్న రోగాలన్నీ గుర్తొచ్చేవి. ఆ ఫోటో చూశాక రోగాల భయం కూడా వెనక్కి పోయింది. వాడు ఆ కుర్చీ దిగాలి. అంతే.

అందుకే తన్మయి కార్యదర్శి పదవికి పోటీ చేస్తానంటే, ఎన్నడూ లేనిది, తల్లి వద్దనలేదు.

కానీ ఒక మెలిక ఉంది. ఐదేళ్ల సర్వీసు లేనివాళ్లు నిలబడాలంటే, పాతికేళ్ల నుంచీ సభ్యుడిగా ఉన్న పెద్ద ఒకరు ఫారం మీద సంతకం పెట్టాలి. ఫోటో వచ్చి నెలయినా అట్లాంటి పెద్ద ఎవరూ దొరకలేదు.

"ఒక్కరు పెడ్తలేరమ్మా. అందరికీ ఉమాకాంత్ సారంటే భయం. ఇయ్యాల ఐదింటికి ఆఖరు. చిక్కడపల్లిల ఇంకా ఇద్దరున్నరు, అడిగొస్త. రెండో ఫారం టీవీ దగ్గర పెట్టిన. సంఘం వాట్సాప్ గ్రూపుల మన అడ్రస్ గూడ పెట్టిన. ఎవరన్నా వస్తే సంతకం పెట్టించు."

"వాని మనుషులొచ్చి ఫారం చింపేస్తే?"

"ఎవరు చింపుతరమ్మా!"

"చాయ్ ఒంపేస్తే?"

"అయితే చాయ్ ఇయ్యకు" అని నవ్వి, తన్మయి మెట్లు దిగిపోయింది.

మూడింటికి బెల్లు మోగింది.

తలుపు తీస్తే ఒక ముసలాయన. మూడంతస్తులెక్కి ఆయాసపడుతున్నాడు.

"తన్మయి ఇల్లు ఇదేనా తల్లీ?"

"మీరెవరు?"

"సంఘంల పాత సభ్యుణ్ని. ఫారం మీద సంతకం పెట్టి పోదామని వచ్చిన."

విద్యావతి గుండె ఒక్క గంతు వేసింది. వాడు కుర్చీ దిగుతాడు!

ముసలాయన చెప్పులు విడవడానికి వంగాడు. వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు.

స్టాండు మీది విద్యావతి చెప్పులు మెల్లగా పక్కకు జరిపాడు. భుజం మీది కండువా కొసతో ఫోటోలో ఉమాకాంత్ మొహానికి అంటిన దుమ్ము తుడిచాడు. నుదురు, కళ్లు, చెంపలు.

విద్యావతి గడపకు అడ్డంగా జరిగింది.

"ఆయన మీకు తెలుసా?"

"తెలుసు."

"ఏమైతడు?"

ముసలాయన చెయ్యి చాపాడు.

"ముందు ఫారం ఇయ్యి తల్లీ. టైం అయితది."

ఆమె టీవీ దగ్గరి ఫారం తెచ్చి చాపింది గానీ చివర వదల్లేదు. ఆయన జేబులోంచి పొట్టి పెన్సిల్ తీశాడు.

విద్యావతి ఫారం వెనక్కి లాక్కుంది.

"పెన్సిల్‌తోనా? ఆఫీసుకు పోంగనే రబ్బరుతో తుడిపేసేతందుకా?"

ఆయన చేతిలోని పెన్సిల్‌ను చూసుకుని నవ్వాడు.

"నలభై ఏండ్ల అలవాటు తల్లీ. పెన్ను ఉంటే జర ఇయ్యి."

క్యాలెండర్ మేకుకు దారం కట్టిన పెన్ను ఫ్యాను గాలికి ఊగుతోంది.

"మా ఇంట్ల పెన్ను లేదు" అంది విద్యావతి.

ఆయన పెన్ను వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"ఆ పుస్తకం పని నీ బిడ్డదే. నాకు తెలుసు."

"పోయి మీ ఉమాకాంత్‌కు చెప్పుండ్రి. వాడు నా బిడ్డ పేరు తీసేసిండు. నేను వాని మనిషిని గడప దాటనియ్యలే. గింతే చెప్పుండ్రి!"

ముసలాయన పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.

విద్యావతి తన చెప్పులు మళ్లీ ఫోటో మీదికి జరిపింది. నెల రోజుల తర్వాత మొదటిసారి చాయ్ రుచిగా అనిపించింది.

నాలుగింటికి తన్మయి వట్టి చేతులతో వచ్చింది.

"ఎవరన్నా వచ్చిండ్రా?"

"వాడు పంపిన ముసలోడు వచ్చిండు. పెన్సిల్‌తో సంతకం పెడ్తడంట! మంచిగ గడ్డి పెట్టి పంపిన."

తన్మయి మొహం పాలిపోయింది.

"పెన్సిలా? అమ్మా, మా రికార్డు గదిలకు పెన్ను రానియ్యరు. సిరా అంటితే కాగితం ఖరాబైతది. పాతోళ్ల జేబుల ఎప్పుడూ పెన్సిలే ఉంటది!"

అశోక్ నగర్ చౌరస్తా దాకా ఉరికింది. ఎవరూ కనబడలేదు.

ఐదు దాటింది. ఉమాకాంత్ మీద పోటీకి ఎవరూ లేరు.

ఆదివారం నారాయణగూడలో సంఘం సభ. కూతురు వద్దంటున్నా విద్యావతి వెంట వెళ్లింది. పదిమందిలో ఉమాకాంత్‌ను నిలదీయాలి. ఏమేం అడగాలో దారి పొడవునా నెమరువేసుకుంది.

వేదిక మీద దండతో ఉమాకాంత్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే ఆమె కుర్చీలోంచి లేవబోయింది.

"ఇప్పుడు మన సంఘం మొదటి సభ్యులు జగదీశ్వర్ గారికి, వారి కుమారుడు, మన కార్యదర్శి ఉమాకాంత్ గారు స్వయంగా శాలువా కప్పుతారు" అన్నారు మైకులో.

ముందు వరుసలోంచి, శాలువా వద్దని చేత్తో వారిస్తూ లేచిన మనిషి జేబులో పొట్టి పెన్సిల్ ఉంది.