పేరున్న మనిషి

ఆ మొగుడితో వేగడం ఆమెకే చెల్లింది.

మనవడికి మంచి పేరొకటి చెప్పండి మహాప్రభో అంటే, ఆయన చదువుతున్న పేపరైనా దించకుండా “బుజ్జిగాడు” అన్నాడు.

“అదీ ఒక పేరేనా?”

“పిలిస్తే పలుకుతాడు కదా. ఇంకేం కావాలి?”

ఈయన్ని నమ్ముకుంటే పిల్లాడు పెళ్లీడుకొచ్చినా బుజ్జిగాడుగానే ఉండిపోతాడని నాయనమ్మ తనే నడుం బిగించింది. డిగ్రీ దాకా చదువుకున్న మనిషి. అటక మీది నిఘంటువు దింపి, దుమ్ముకి తుమ్ముతూ, వారం రోజులు గాలించి ఒక పేరు పట్టుకుంది.

మూడే అక్షరాలు. పలికితే నోరు నిండుతుంది. కొడుకూ కోడలూ కూడా ఊఁ అన్నారు.

ఊళ్లో ఇంకే పిల్లాడికీ ఆ పేరు ఉండకూడదు. అదొక్కటే ఆమె పట్టుదల. ఎవరు ఎత్తుకుపోతారోనని పక్కింటావిడ దగ్గర కూడా పెదవి విప్పలేదు.

ఎందుకైనా మంచిదని మొగుణ్ణి వెంటబెట్టుకుని జనన మరణాల ఆఫీసుకు వెళ్లింది.

కౌంటర్లో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక గుమాస్తా. బొటనవేలికి ఎప్పుడూ ముద్రల సిరా. అందరూ ‘ముద్రాయన’ అని పిలుస్తారు. ఆయనా పలుకుతాడు.

ఆమె పేరును కాగితం మీద రాసి అటు జరిపింది.

“ఇది ఎవరికైనా ఉందేమో చూసి పెట్టండి. పైకి మాత్రం చదవకండి.”

ముద్రాయన చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆయన ముఖం చాటంతయింది.

“ఈ పేరు మీ ఇంట్లో పెడతారా అమ్మా? మీ సొంత మనవడికి?”

“సొంత మనవడికి కాక అద్దె మనవడికి పెడతామా?”

“అది కాదమ్మా, ఈ పేరు...”

“ముందు ఉందో లేదో చెప్పండి.”

ముద్రాయన రిజిస్టరు తెరవనైనా లేదు.

“ఏడేళ్ల కిందటి దాకా ఒక్క పిల్లాడికీ లేదమ్మా. ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు.”

“పదకొండా!”

“సినిమా ఏదైనా వచ్చిందేమిటండీ?” మొగుడు ఆసక్తిగా అడిగాడు.

“లేదండీ. నేనే రాశాను. పేరు గడి ఖాళీగా వదలబుద్ధి కాక.”

“ఎవరి పిల్లలు వాళ్లు?” ఆమె గొంతు లేచింది.

“అది చెప్పకూడదమ్మా.”

ఆమెకు అంతా అర్థమైపోయింది. పేరు తోచని తల్లిదండ్రులు రావడం ఆలస్యం, ఈయన తనకు తెలిసిన ఒకే ఒక్క పేరు అంటగట్టేస్తున్నాడు. ఆలోచించడానికి బద్ధకం!

“బంగారం లాంటి పేరు! కనబడ్డ ప్రతివాడి మీదా గుద్దేశారన్నమాట, మీ ముద్ర గుద్దినట్టు!”

వరుసలో వెనకున్నవాళ్లు నవ్వారు.

ముద్రాయన కాగితాన్ని మడతపడకుండా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

మెట్లు దిగుతూ మొగుడు అన్నాడు: “పోనీలేవే, మనవాడు పన్నెండోవాడవుతాడు. కొంపలేం మునగవుగా?”

“జట్టు పదకొండుతోనే నిండింది. మనవాడు వాళ్లకి నీళ్లందించాలా?”

ఆ మధ్యాహ్నమే పై అధికారికి అర్జీ రాసింది. రెండు పేజీలు, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పిల్లాడికి కోడలు ఫోన్లో వెతికిన ఇంకో పేరు ఖాయం చేశారు.

మూడు నెలలయ్యాక బర్త్ సర్టిఫికెట్ తీసుకోవడానికి మొగుడూ పెళ్లాం మళ్లీ అదే కౌంటరుకు వెళ్లారు. ముద్రాయన స్థానంలో ఒక కొత్తమ్మాయి కూర్చుని ఉంది.

వాళ్ల ముందు అనాథాశ్రమం వార్డెన్. భుజం మీద పసివాడు.

“బాబు పేరు?”

“ఇంకా లేదమ్మా.”

“తల్లి? తండ్రి?”

“తెలీదు. మా గేటు దగ్గర దొరికాడు.”

కొత్తమ్మాయి మూడు గడుల్లోనూ మూడు గీతలు గీసేసింది.

వార్డెన్ ఆ గీతలకేసి చూసి నిట్టూర్చింది. “ముద్రాయన లేరా? ఆయనైతే మొదటి గడిలో గీత పడనిచ్చేవారు కాదు.”

“రిటైరయ్యారండీ. ఆఖరి నెల్లో కౌంటరు నించి కూడా తీసేశారు. ఎవరో అర్జీ పెట్టారట. పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు.”

“ఇప్పుడెక్కడున్నారు?”

“ఊరొదిలి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“అయ్యో! మా పిల్లలు ఆయన కోసం రోజూ నా ప్రాణం తీస్తున్నారు. అందరిదీ ఒకటే పేరు. ఒక్క కేక వేస్తే పదకొండు మందీ పరిగెత్తుకొస్తారు. పొడుగోడు, బొద్దోడు, పళ్లూడినోడు అని విడదీసి పిలుచుకుంటాం.”

నాయనమ్మ కౌంటరు అంచు పట్టుకుంది.

మొగుడు ఉండబట్టలేక అడిగాడు. “లోకంలో అన్ని పేర్లుండగా అందరికీ అదే ఎందుకండీ?”

“నేనూ అడిగానండీ. ‘నా పేరు ఎలాగూ ఎవరూ వాడట్లేదు కదమ్మా, వీళ్లనైనా వాడుకోనీ’ అని నవ్వేశారు.”

కొత్తమ్మాయి మనవడి సర్టిఫికెట్ మీద ముద్ర వేసి ముందుకు తోసింది. ఆమె దాన్ని అందుకోలేదు.

ముప్పై అయిదేళ్ల కాపురంలో మొగుడు ఆమె నోట ఒక్కసారైనా వినని మాట అప్పుడు విన్నాడు.

“ఆ అర్జీ పెట్టింది నేనేనమ్మా. తప్పు నాది. అమ్మా నాన్నా ఉన్న పిల్లాడికి ఆయన పేరు కావాలని వెళ్లింది నేనొక్కదాన్నే... మీ పేరేమిటండీ అని మాత్రం అడగలేదు.”