తొంభై మూడో రోజు రాయి

"ఆ రాయి కింద పెట్టు," అంది పుణ్యవతి.

రాళ్లు ఏరి సంచీలో వేసుకుంటున్న మనిషి ఆమె వైపు తిరగనైనా లేదు.

"నీకేనయ్యా చెప్పేది."

"ఎందుకు?"

"ఫొటో తీసుకోవాలి."

"రాయికా?" అని నవ్వాడు. మొహం మాత్రం పక్కకే పెట్టుకున్నాడు.

పుణ్యవతికి ఒళ్లు మండింది.

మాట్లాడుతూ మొహం చూడకపోతే ఆమెకు చెడ్డ కోపం. పైగా అతని మెడలో గులాబీ కండువా ఉంది. ఆ తర్వాత ఆ మనిషిలో ఆమెకు కండువా తప్ప ఇంకేమీ కనబడలేదు.

తెలంగాణ కోసం గులాబీ కండువాలు రోడ్డెక్కిన సకల జనుల సమ్మె రోజులవి. మర్నాడు బంద్. అయినా అందరూ ఆఫీసుకు రావాల్సిందేనని గచ్చిబౌలిలోని ఆమె కంపెనీ మెయిల్ పెట్టింది. మెయిల్ పెట్టినవాళ్లు ఇంట్లోంచే పని చేస్తారు, అది వేరే సంగతి.

పుణ్యవతికి బంద్ కన్నా పెద్ద బెంగ ఇంకొకటుంది. ఆఫీసు ఫొటో క్లబ్బులో వంద రోజుల పోటీ. రోజూ కళ్లెదుటే ఉండి ఎవరూ పట్టించుకోని ప్రకృతి వస్తువు ఏదైనా ఒకటి ఫొటో తీసి పెట్టాలి. ఒక్క రోజు తప్పినా పోటీలోంచి అవుట్. చింతగింజ, వేపపుల్ల, కాకి ఈక, తుమ్మ ముల్లు అన్నీ అయ్యాయి. ఇవాళ తొంభై మూడో రోజు. ఇచ్చిన అంశం రాయి.

ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా ఆమె పేరు పది మందికి తెలిసింది ఈ ఫొటోల వల్లే.

అందుకే భోజనాల వేళ ఆఫీసు ముందు మలుపు దగ్గరికి వచ్చింది. రోడ్డు వెడల్పు పనుల కోసం పగలగొట్టిన బండరాళ్ల ముక్కలు అక్కడ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిలో నచ్చిన ఒక్కటీ అతని చేతిలో ఉంది. పిడికెడంత నల్లరాయి, జంధ్యం వేసినట్టు అడ్డంగా తెల్లటి చార.

అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. రోడ్డు అంచున పెట్టి, గొంతుక్కూచుని, ఇరవై ఫొటోలు తీసింది.

"అయింది గద. ఇగ ఇయ్యి."

"ఇవ్వను."

"ఫొటో తీసుకుంటివి. ఇంక రాయితోటి నీకేం పని?"

"నీకేం పని?"

"పొద్దుగూకేలోపల ఇదంత ఏరాలె. జర జరుగమ్మా."

"రేపు బంద్. ఇవాళ రాళ్లేరుతున్నావు. ఎందుకో నాకు తెలియదనుకున్నావా?"

"ఎందుకు?"

"మా బస్సుల మీద వేయడానికి."

అతని చెయ్యి ఆగింది.

"గట్లనే అనుకో," అన్నాడు. మళ్లీ వంగి రాళ్లు ఏరసాగాడు.

పుణ్యవతి రాయిని రోడ్డు అంచునే వదిలేసి, వెనక్కి నడిచి, సంచీతో సహా అతన్ని ఫొటో తీసింది. అది గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ గార్డుకి చూపించింది. పావుగంటలో పోలీసు జీపు వచ్చింది.

"ఇంకో సంచెడున్నయ్ సార్. గవి గూడ ఏరినంక వస్త," అన్నాడతను.

"ఎంత పొగరు," అనుకుంది పుణ్యవతి.

కానిస్టేబుల్ మెడ మీద చెయ్యి వేసి తోశాడు. కండువా కింద పడింది. అతను దాన్ని తీసి, దులిపి, మళ్లీ మెడలో వేసుకున్నాకే జీపెక్కాడు.

"సార్, సంచి?" అన్నాడు కానిస్టేబుల్.

"ఫొటో ఉందిగా. ఆ బరువెవడు మోస్తాడు?" అన్నాడు జీపులోంచి ఎస్సై.

కానిస్టేబుల్ సంచీ బోర్లించి రాళ్లన్నీ అక్కడే పోసి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి రాయి ఫొటోకు నూట నలభై లైకులు వచ్చాయి. పుణ్యవతికి చాలా సంతోషంగా ఉంది. ఫొటోకే కాదు, తను చేసిన పనికి కూడా.

మర్నాడు పొద్దున్న మూసాపేటలో ఆఫీసు బస్సెక్కి, డ్రైవర్ బుల్లిబాబు వెనక సీట్లో కూర్చుంది. దారంతా ఖాళీ. ఆఫీసు మలుపులో బస్సు నెమ్మదించింది.

అక్కడ ఇరవై మంది నిలబడి ఉన్నారు.

మొదటి రాయి ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. బుల్లిబాబు కనుబొమ్మ చిట్లి మొహమంతా రక్తమైంది. అయినా స్టీరింగ్ వదలలేదు. నలభై మందినీ గేటు లోపలికి తెచ్చాకే బ్రేకు వేశాడు.

పుణ్యవతి చున్నీ తీసి అతని నుదుటికి అదిమిపట్టింది.

"కన్ను కనబడుతోందా బాబాయ్?"

"కనబడుతోందండి. వెంట్రుకవాసిలో తప్పింది."

ఆమె కాలికి ఏదో తగిలింది. వంగి చూసింది.

నల్లరాయి. అడ్డంగా తెల్లటి చార.

రెండు చేతులా దాన్ని తీసుకుంది. చున్నీ జారింది. బుల్లిబాబే దాన్ని పట్టుకుని నుదుటికి నొక్కుకున్నాడు.

"అక్కడ రాళ్లు ఎలా మిగిలాయో తెలియడం లేదండి," అన్నాడు. "బంద్ అంటే చాలు, ముందు రోజే యాదయ్య గారొచ్చి ఆ మలుపంతా ఏరి, దూరంగా క్వారీ గుంటలో పోసొస్తారు. నిన్న ఎందుకు రాలేదో ఏమిటో."

"యాదయ్య ఎవరు?" అంది.

"మీరు చూసే ఉంటారండి. మెడలో గులాబీ కండువా, మాట్లాడేటప్పుడు మొహం పక్కకి పెట్టుకుంటారు. పోయినేడాది బంద్‌లో ఇదే మలుపులో రాయి తగిలి ఎడమకన్ను పోయేదాకా, ఈ బస్సు నడిపింది ఆయనేనండి."