తాళం వేసిన ఇల్లు

చార్టులో మూడు గంటలుగా యాభై, యాభై, యాభై. నర్సు మంచం కిందికి వంగింది. నూట యాభై మిల్లీలీటర్లు ఉండాల్సిన మూత్రం సంచిలో చుక్క లేదు.

"మీరు పారబోశారా?"

"లేదు సిస్టర్. పదింటికి మీరు సంచి ఖాళీ చేసినప్పటి నుంచీ రావడమే లేదు," అంది పేషెంటు భార్య.

ఆవిడ ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. అంకెలు మీకు కొత్తా అంటూ, నలభై మంచాలకూ ఒక్కతే అయిన నర్సు పొద్దున గంటగంటకూ సంచి చూసి చార్టులో రాసే పని ఆవిడకే అప్పజెప్పింది.

"బీపీ బాగానే ఉందన్నారుగా?"

"అదే మనల్ని ముంచింది. నిచ్చెన మీంచి పడ్డాడు కదా, లోపలెక్కడో రక్తం పోతోంది. అలా పోతుంటే నరాలు ముందు కిడ్నీల దారి బిగించేసి, ఉన్న రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తాయి. బీపీ కాసేపు నిలబడుతుంది. మూత్రం ఆగడమే మనకు ముందుగా తెలిసే గుర్తు." నర్సు అతని మణికట్టు పట్టుకుంది. నాడి దారప్పోగులా ఉంది. "రానిది వచ్చినట్టు ఎందుకు రాశారమ్మా?"

ఆవిడ తన చేతిలో ఉన్న భర్త చల్లటి పాదాన్ని వదల్లేదు.

"ఇంటికి తాళం వేసుంటే పోయిన నెల అంకే వేస్తామండీ. తలుపు తీశాక ఎలాగూ సరిపోతుంది."

నర్సు డాక్టర్ని కేకేస్తూ మంచాన్ని ఆపరేషన్ గది వైపు తోసింది. దుప్పటి మీద చార్టు తెరిచే ఉంది. ప్రతి యాభై పక్కనా, వంగి చూడకుండా తను పెట్టిన సంతకం.