దరువు మాత్రం అదిరింది

టైలరు చెవుల్లో దూది పెట్టుకోబోయాడు. భార్య ఆ దూది లాక్కుని సొరుగులో పడేసింది.

"మన పిల్ల చూసిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. కచేరీ అయ్యేదాకా కదలకండి. అయ్యాక వెళ్లి బాగుందని చెప్పండి. మీ అసలు అభిప్రాయం ఇంటికొచ్చాక నాకు చెప్పుకుందురుగాని."

"టికెట్లు రెండున్నాయిగా, నువ్వూ రావచ్చుగా?"

"నేనొస్తే అది నాతోనే మాట్లాడుతుంది. నోరు జారింది మీరు. మీరే వెళ్లండి."

నోరు జారిన మాట నిజమే. కూతురు డ్రమ్స్ వాయిస్తుంటే, రేకుల షెడ్డు మీద ఎవరన్నా గిన్నెలు దొర్లిస్తున్నారా అని అడిగాడు. అదీ నలుగురి ముందు. ఆ పిల్ల డ్రమ్స్ సర్దుకుని పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా తండ్రితో మాటల్లేవు. ఇన్నాళ్లకు పిన్ని చేత టికెట్లు పంపింది. గిన్నెల మోత లేక ఇల్లు బావురుమంటోందని టైలరు ఎవరితోనూ అనలేదు.

హాలు ఒకప్పటి గోడౌను. కుర్చీలు లేవు. ముందంతా ఆరడుగుల కుర్రాళ్లు. టైలరుకు కనబడినవి చొక్కాల వీపులు, వాటి ఊడిన కుట్లు. చేతులు ఊరుకోనన్నాయి. మునికాళ్ల మీద లేస్తే సగం చీకట్లో జుట్టు పెంచిన మనిషొకడు గిటారు మీదకు వంగి కనిపించాడు. డ్రమ్స్ ఆ పెద్ద పెద్ద స్పీకర్ల వెనక ఎక్కడో ఉన్నట్టున్నాయి.

ఉన్నట్టుండి కీచుమని చప్పుడు. టైలరుకు పళ్లు జివ్వుమన్నాయి. తర్వాత గిటారు తీగ ఒకటి మోగింది. కాసేపటికి అదే తీగ మళ్లీ మోగింది.

"ఇది పాటేనా బాబూ?" పక్కనున్న గడ్డం కుర్రాణ్ని అడిగాడు.

"గ్యారేజ్ రాక్ అంటే ఇంతే అంకుల్. కారు షెడ్లో నలుగురు ఫ్రెండ్స్ చేరి వాయించుకునేది. నగిషీలుండవు. వీళ్లు మరీ పచ్చిగా వాయిస్తున్నారు." కుర్రాడు కళ్లు మూసుకుని తల ఊపాడు.

అంచులు కుట్టకుండానే డెలివరీ ఇచ్చిన చొక్కాలా ఉంది, అనుకున్నాడు టైలరు. పైకి మాత్రం తనూ తల ఊపాడు.

ధన్. డ్రమ్ము ఒక్కసారి మోగింది. చాలాసేపటికి మరోసారి, ధన్. ఇల్లు వదిలి వెళ్లి నేర్చుకున్నది ఇదా అని అతని ప్రాణం ఉసూరుమంది. అయినా అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. గడ్డం కుర్రాడు ఈల వేశాడు. దాంతో హాలంతా అందుకుంది.

"వినబడుతోందా?" అంది వేదిక మీది గొంతు.

"వినబడుతోంది" అని హాలు ఊగిపోయింది.

"వెనకున్నవాళ్లకి?"

గొంతు మగవాడిది. అడుగుతున్నది మాత్రం తన కూతురే అనిపించింది. టైలరు మళ్లీ మునికాళ్ల మీద లేచాడు.

"వినబడుతోంది తల్లీ" అన్నాడు.

ఆ రెండు ముక్కలనే పాటలా తిప్పి తిప్పి పాడారు. ఆఖరికి వేదిక మీద లైట్లు ఆరిపోయాయి. జనం టీ కోసం బయటికి కదిలారు. హమ్మయ్య అనుకుని టైలరు వెనక గుమ్మానికి పరుగెత్తాడు.

కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో డ్రమ్ము కర్రలు. మొహమంతా చెమట. పాపం, ఎంత కష్టపడిందో అనుకున్నాడు.

"నువ్వు వస్తావనుకోలేదు నాన్నా." ఆ పిల్ల గబుక్కున లేచింది.

"రాకేం? మొత్తం విన్నాను. అడుగు కదిపితే ఒట్టు."

"మొత్తమా?"

"మొత్తం. ఆ గిటారు సంగతి నాకు తెలీదు గానీ, నీ దరువు మాత్రం అదిరింది తల్లీ. కొట్టాల్సిన చోటే కొట్టావు. అనవసరంగా ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఆ రోజు బుద్ధి లేక ఏదో వాగాను."

కూతురు కర్రలు పక్కన పడేసి అతన్ని గట్టిగా చుట్టేసుకుంది. దాని భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని టైలరు వీపు నిమిరాడు.

"లోపలికి పద నాన్నా," అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "ఎలక్ట్రీషియన్ మైకులు, గిటారు, డ్రమ్స్ అన్నీ మోగించి సరిచూడటం అయిపోయిందట, ఇక మేం మొదలుపెట్టాలి."