మాఫీ ఎవరి చేతిలో

"రాష్ట్రపతి అంటే గంత పెద్దోళ్లు కదా సారూ, మళ్లా ఇంకొకళ్లను అడుగుడేంది?"

వరండాలోంచి ఖమరున్నీసా గొంతు వంటింట్లో ఉన్న మరియకు స్పష్టంగా వినిపించింది. భద్రాచలంలో పొద్దున్నే బస్సెక్కి ఖానాపురం హవేలి దాకా వచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కూర్చుంటుంది, లేస్తుంది, గేటు దాకా పోతుంది, మళ్లీ వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంటుంది.

ఆమె రావడం మరియకు సుతరామూ ఇష్టం లేదు. మొగుడు జయరాజ్ వకీలు. కేసుల సంగతులు ఇంట్లో చెప్పే అలవాటు లేనివాడు. కానీ ఈ కేసు పేపర్లకెక్కింది గనుక మరియకూ తెలుసు. షాబాజ్ అనే కుర్రవాడు యజమాని మీద కోపంతో కర్రల డిపోకు నిప్పు పెట్టాడు. లోపల పడుకున్న ముగ్గురు పనివాళ్లు కాలిపోయారు. వాళ్ల పేర్లు మరియకు గుర్తు లేవు. చంపినవాడి పేరు గుర్తున్నట్టు చచ్చినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయి? లోపల మనుషులున్నారని తెలియదని వాడు మొత్తుకున్నాడు. తలుపుకు బయటినుంచి గొళ్లెం పెట్టి ఉందని సాక్షులు చెప్పారు. సుప్రీంకోర్టు దాకా ఉరిశిక్షే ఖాయమైంది. ఇక మిగిలింది రాష్ట్రపతి క్షమాభిక్ష ఒక్కటే. ఆ కబురు ఇవాళో రేపో రావాలి.

'అట్లాంటివాణ్ణి కన్నదానికి నేను టీ పెట్టాలా' అని గొణుక్కుంటూనే మరియ అల్లం దంచింది.

బయట జయరాజ్ ఓపికగా చెబుతున్నాడు.

"సంతకం రాష్ట్రపతిదేనమ్మా. కానీ మంత్రులిచ్చే సలహా ప్రకారమే పెట్టాలె. రాజ్యాంగంల గట్లనే ఉంది."

"ఆ సలహా నచ్చకుంటే?"

"మళ్లొకసారి ఆలోచించుండ్రని వెనక్కు పంపొచ్చు. అదీ ఒక్కసారే. వాళ్లు మళ్లా అదే మాటంటే ఇగ ఒప్పుకోవాల్సిందే."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు. గిదేనా?"

భద్రాచలం మనిషి నోట ఆ సామెత విని మరియకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే తన మీద తనకే కోపమూ వచ్చింది.

"మా మజహబుల గిట్ల కాదు సారూ," అంది ఖమరున్నీసా. "చచ్చినోళ్ల ఇంటోళ్లు మాఫ్ చేస్తే ప్రాణం దక్కుతది. ఇంకెవ్వరినీ అడిగే పని లేదు."

"ఇక్కడ కుదరదమ్మా. ఇంటోళ్లు చెప్పుకోవచ్చు, పైనోళ్లు వింటరు. కానీ వాళ్ల మాటతోటే ఉరి ఆగదు."

"కొడుకు పోయినోళ్లకు లేని హక్కు ఢిల్లీల కూసున్నోళ్లకు యాడికెల్లి వచ్చింది?"

మరియకు ఒళ్లు మండిపోయింది. ఎంత తేలిగ్గా అంటుంది! కడుపుకోత వాళ్లదట, మాఫ్ చెయ్యాల్సిందీ వాళ్లేనట. టీ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చి, ఉండబట్టలేక అడిగేసింది.

"ఎన్నడన్న జైలుకు పోయి చూసినవా వాణ్ణి?"

"మరియా!" అని జయరాజ్ కసిరాడు.

"అడగనియ్యి సారూ." ఖమరున్నీసా గ్లాసు అందుకుంది. "పోలేదమ్మా. వాని మొఖం చూడనని ఒట్టు పెట్టుకున్న. నా ఇంట్ల, నా చేతి ముద్ద తిని పెరిగినోడు గంత పని చేసిండని కోపం. రంజాన్ల అందరి కోసం దువా చేస్తుంటి. వాని పేరు కాడికొచ్చేసరికి నోరు పెగిలేది కాదు. మొన్నటి రంజాన్ల పెగిలింది. అప్పటిసంది నిద్ర లేదు. మాఫ్ చేసిన బిడ్డా అని వాని మొఖం చూసి చెప్పాలె. గంతలోపే ఉరేస్తే, ఆ మాట నేను ఎవరికి చెప్పుకోవాలె?"

గ్లాసు వంగి టీ చీర మీద ఒలికింది. ఆమె చూసుకోనే లేదు. మరియ కోపం సగం అక్కడే చచ్చింది. ఎవరిని కన్నా తల్లి తల్లే అనుకుంటూ, తన కొంగుతో ఆ మరక తుడిచి పక్కనే కూర్చుంది.

"తాగక్కా, సల్లారిపోతది," అంది.

అప్పుడే జయరాజ్ ఫోను మోగింది. ఢిల్లీలో అతనికి తెలిసిన వకీలు. జయరాజ్ లేచి నిలబడి "అవ్... అవ్..." అంటూ వింటున్నాడు. ఖమరున్నీసా చెయ్యి మరియ చేతిని ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

"మంత్రులు మొదలు వద్దనే అన్నరట," అన్నాడు జయరాజ్ ఫోను దించుతూ. "రాష్ట్రపతి ఫైలు వెనక్కు పంపిండ్రు. ఈసారి వాళ్లు సలహా మార్చుకున్నరు. ఉరి రద్దయిందమ్మా! బతికినన్నాళ్లు జైల్లనే ఉంటడు."

ఖమరున్నీసా కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. ఆపుకోలేని ఏడుపు. ఆమెను పొదివి పట్టుకుని మరియ కూడా ఏడ్చింది. ఇందాక అనుకున్న మాటలన్నిటికీ మనసులోనే లెంపలేసుకుంది.

"జైలుకు ఫోన్ చెయ్యి సారూ, జల్దీ! ములాఖత్ ఎప్పుడిస్తరో అడుగు."

జయరాజ్ నంబరు కలిపి, ఆమెకూ వినపడేలా స్పీకర్ పెట్టాడు. అవతల జైలు అధికారి సంగతంతా విన్నాడు.

"షాబాజ్‌ను చూడ్డానికి ఇన్నేళ్లలో ఎవరూ రాలేదండీ. ఇప్పుడు వచ్చేదెవరు, తల్లేనా?"

ఖమరున్నీసా కళ్లు తుడుచుకుని ఫోను దగ్గరికి వంగింది.

"కాదు సారూ, వాడు నా కొడుకుతోటి కలిసి పెరిగినోడు. నేను ఆ మంటల్ల చచ్చిపోయినోని తల్లిని."